ఏడవని పిల్లకు పాలవేళ

దయ్యాల మాట నా దగ్గర ఎత్తడానికి మా వీధిలో ఎవరూ సాహసించరు. ఎత్తితే క్లాసు పీకుతానని అందరికీ తెలుసు. ముప్పై అయిదేళ్ళు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి కిందటేడు రిటైరయ్యాను. పసుపు నీళ్ళలో సున్నం కలిపి ఎర్రగా చేసి, "చేతబడి రక్తమని మిమ్మల్ని భయపెట్టేది దీంతోనే" అని ఏటా ఎనిమిదో తరగతి పిల్లలకి చూపించేదాన్ని. అమావాస్య నాడు కొత్త చీర కట్టుకుని బడికి వెళ్ళిన మనిషిని నేను. అద్దె ఇంట్లో గజ్జెల చప్పుడు వినిపించిందని ఎవరైనా చెబితే, ముందు ఎలకల బోను కొనుక్కోమనేదాన్ని.

కాబట్టి ఇప్పుడు రాయబోయేది చదివి, ఈవిడకి వయసు మీద పడింది అనుకుంటే నాకు కోపం రాదు. నా పాత స్టూడెంటు ఎవరైనా ఇలా రాసి తెచ్చుంటే నేనూ అదే అనేదాన్ని. నా చేతనైనంత వరకు టైములతో సహా, జరిగింది జరిగినట్టు రాస్తాను. నా తప్పు కూడా ఇందులో ఉంది. అదీ దాచను.

మా అమ్మాయి రమ్య మొదటి పురుటికి మా ఇంటికి వచ్చింది. నర్సీపట్నంలో పెదబొడ్డేపల్లి వైపు మాదో చిన్న డాబా ఇల్లు. వరండా, హాలు, నడిమి గది, దాని పక్కన మా గది, వెనక వంటిల్లు. ఉండేది నేనూ మా ఆయనే. ఆయన ఎమ్మార్వో ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. అల్లుడికి విశాఖపట్నంలో ఉద్యోగం. శనివారం రాత్రికి వచ్చి సోమవారం పొద్దున్నే బస్సెక్కేవాడు.

నెలలు నిండడానికి ఇంకా నాలుగు వారాలుండగానే పాప పుట్టేసింది. రెండు కిలోల వంద గ్రాములు. చేతిలోకి తీసుకుంటే బరువు తెలియలేదు. నాలుగో రోజు ఇంటికి పంపిస్తూ పిల్లల డాక్టరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. ఒంట్లో కొంచెం కామెర్లున్నాయి, అందువల్ల మత్తుగా నిద్రపోతుంది, ఆ నిద్రని నమ్మకండి అన్నారు.

"ఆకలేస్తే ఏడుస్తుందిలే అని కూర్చోకండమ్మా. ఇంత చిన్న పిల్లకి ఏడవడానికి కూడా ఓపిక కావాలి. రెండు గంటలకోసారి, మహా అయితే రెండున్నర, మీరే లేపి పాలు పట్టాలి. మూడు దాటనివ్వకండి. పుట్టినప్పటి బరువు మళ్ళీ వచ్చి, ఇంకాస్త పెరిగి, ఇక చాలు అని నేను చెప్పేదాకా ఇదే పద్ధతి."

ఎలా లేపాలో కూడా చూపించారు. చుట్టిన గుడ్డ విప్పాలి, అరికాలు రుద్దాలి, వీపు నిమరాలి, కదలకపోతే తడిగుడ్డ ఒకసారి పాదాలకి తగిలించాలి. తల్లి దగ్గర సరిగ్గా తాగకపోతే పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టాలి.

ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని డ్రాయింగు షీటు మీద గళ్ళు గీయడం. సమయం, ఎటువైపు, ఎంతసేపు, తడిపిన గుడ్డలు, ఎవరు పట్టారు. చివరి గడిలో టిక్ పెట్టి "ర" అనో "అమ్మమ్మ" అనో రాయాలి. దాన్ని రమ్య మంచం ఎదురుగా క్యాలెండరు మేకుకి తగిలించి, ఒక పెన్ను దారంతో కట్టాను. అది చూసి మా ఆయన, "టీచరమ్మ రిటైరయిందన్నది ఎవడ్రా" అన్నారు.

రాత్రుళ్ళు మాకు భయం ఉండేది కాదు. అలారం మోగగానే ముగ్గురం లేచేవాళ్ళం. లైటు వేసి అరికాళ్ళు రుద్దే డ్యూటీ మా ఆయనది. ఇబ్బందంతా పగటిపూటే. పదకొండింటికి నూకరత్నం వచ్చి బాలింతకీ పాపకీ నీళ్ళు పోసేది. నూనె మర్దనా, వేడినీళ్ళు, సాంబ్రాణి పొగ అయ్యాక పాప రాయిలా నిద్రపోయేది. ఆ సమయంలో లేపడం మహా కష్టం. లేపినా రెండు గుక్కలు తాగి మళ్ళీ కళ్ళు మూసేది.

నూకరత్నానికి నా పద్ధతి బొత్తిగా నచ్చలేదు. "పాపని లేపకండమ్మా. పిల్లలు నిద్దర్లోనే పెరుగుతారు. ఆకలేత్తే ఆళ్ళే లెగుత్తారు" అనేది. ఒకరోజు పాపని గుడ్డలో చుట్టి నా చేతికిస్తూ, "ఎంత బుద్దిమంతురాలో సూడండి. నీళ్ళోసినా నోరిప్పదు" అంది.

"ఆ మాట మా ఇంట్లో అనకు" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. నూకరత్నం బిత్తరపోయింది. రమ్య మంచం మీంచి, "ఏంటమ్మా, మంచిమాటే కదా అంది?" అంది. నేను గుడ్డలు ఆరేసే నెపంతో పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఆ మాట నాకెందుకు పడదో రమ్యకి తెలియదు. తెలిసినవాళ్ళలో మా అమ్మ పోయింది. మిగిలింది మా ఆయన ఒక్కరే.

రమ్య నాకు మొదటి బిడ్డ కాదు. ముప్పై తొమ్మిదేళ్ళ కింద, నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు, ఎస్. రాయవరం దగ్గర మా పుట్టింట్లో ఒక ఆడపిల్ల పుట్టింది. అదీ చిన్నదే. తూచిన వాళ్ళెవరూ లేరు. అది ఏడ్చేది కాదు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ బుద్ధిమంతురాలు, బుద్ధిమంతురాలు అని మెచ్చుకునేవారు. నాకూ గర్వంగానే ఉండేది. పక్కింటి పిల్లాడు రాత్రంతా గుక్కపట్టి ఏడుస్తుంటే, మా పిల్ల ఎంత మంచిదో అనుకునేదాన్ని. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అది అడగలేదు, నేను పెట్టలేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం చాలాసేపయిందని లేపబోతే, "నిద్దరోతున్న పిల్లని లేపకే, అదే లెగుస్తాది" అంది మా అమ్మ. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అది మళ్ళీ లేవలేదు.

మా అమ్మని తప్పు పట్టను. ఆవిడకి తెలిసింది ఆవిడ చెప్పింది. తర్వాత వారం రోజులపాటు నాకు పాలు వస్తూనే ఉన్నాయి. అవి ఆగడానికి రొమ్ములకి మల్లెపూలు కట్టారు. అప్పట్నించీ నేను మల్లెపూలు పెట్టుకోను. తలనొప్పి అని చెబుతాను. మా ఆయన ఈ ముప్పై తొమ్మిదేళ్ళూ నాకు కనకాంబరాలే తెచ్చారు. ఆ పిల్ల గురించి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. నేను బి.ఎడ్.కి వెళ్ళిపోయాను, ఉద్యోగంలో పడ్డాను, ఎనిమిదేళ్ళకి రమ్య పుట్టింది. రమ్య పుట్టిన క్షణం నుంచి ఏడుపే ఏడుపు. ఆ ఏడుపు విని నేను పడిన సంతోషం ఎవరికీ అర్థం కాలేదు.

ఇక ఆ రోజు సంగతి. ఇలాంటివి రాసేవాళ్ళు దాన్ని కూడా తొమ్మిదో రోజే చేసేస్తారు. కానీ మా పాపకి అది ఎనిమిదో రోజు.

ఏప్రిల్ నెలాఖరు. పొద్దున్నుంచీ గాలి లేదు. మా ఆయన పాయకరావుపేటలో బంధువుల ఇంటికి పరామర్శకి వెళ్ళారు, సాయంత్రం గానీ రారు. నూకరత్నం నీళ్ళు పోసి వెళ్ళింది. పదకొండూ నలభైకి రమ్య పాలు పట్టింది. పాప సరిగ్గా తాగలేదని చార్టులో రాసింది కూడా. తర్వాత రమ్య అన్నం తిన్నది. పాలు పడతాయని ములగాకు, తెలగపిండి వేసి చేసిన కూర కలుపుకుంటూనే కంచం ముందు తూగుతోంది. ఎనిమిది రోజుల్లో రమ్య వరసగా రెండు గంటలు పడుకున్న పాపాన పోలేదు. కళ్ళ కింద నల్లగా అయిపోయింది. 

ఒంటిగంటా పదికి నేను నా తప్పు చేశాను.

బళ్ళో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే, "నువ్వు స్టాఫ్‌రూంలో పడుకో, నీ పీరియడ్ నేను తీసుకుంటాను" అనేదాన్ని. అది నాకు అలవాటు. అలాగే రమ్య దిండు కింద ఉన్న ఫోను మెల్లగా తీసి, రెండింటి అలారం ఆపేసి, ఫోను సైలెంట్‌లో పెట్టి నా గదిలో పడేశాను. రెండింటికి నేనే పాపని లేపి, ఫ్రిజ్‌లో ఉన్న పిండిన పాలు తీసి ఉగ్గుగిన్నెతో పడదామనుకున్నాను. రమ్య నాలుగింటి దాకా పడుకుంటుందని నా ఆశ.

అంతటితో ఆగినా బాగుండేది. మరో పాడు అలవాటు కూడా ఉంది నాకు. ఇన్‌స్పెక్షన్ల భయంతో టీచర్లందరికీ ఉండేదే. చెప్పబోయే పాఠానికి ముందే డైరీ రాసేసుకుంటాం, చెయ్యబోయే పనికి ముందే టిక్ పెట్టేసుకుంటాం. ఎలాగూ చేస్తాం కదా అని. చార్టు దగ్గర నిలబడి రెండు గంటల గడిలో టిక్ పెట్టి, "అమ్మమ్మ" అని రాశాను. రాసి, వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నాకు అలారం అక్కర్లేదనుకున్నాను. ముప్పై అయిదేళ్ళలో ఒక్క గంటకీ ఆలస్యంగా వెళ్ళిన దాన్ని కాదు. ఆ పొగరు నాది.

ఒంటిగంటన్నరకి కరెంటు పోయింది. అది గుర్తుంది. ఫ్యాను ఆగగానే లోపలికి వెళ్ళి విసనకర్రతో విసరాలనుకున్నాను. అదీ గుర్తుంది. ఆ తర్వాత నాకేమీ గుర్తులేదు. నేనూ ఎనిమిది రాత్రులు లేచి ఉన్నదాన్నే కదా.

రెండున్నర ప్రాంతంలో ఉక్కకి రమ్యకి సగం మెలకువ వచ్చిందట. కంగారుగా చార్టు వైపు చూసింది. రెండింటి గడిలో టిక్కూ, అమ్మమ్మ అన్న మాటా కనిపించాయి. పాప ప్రశాంతంగా పడుకుని ఉంది. అమ్మ పట్టేసిందిలే అనుకుని మళ్ళీ పడుకుంది. నేను రాసిన ఆ గడి లేకపోతే ఆ పిల్ల అప్పుడే లేచి పాలిచ్చేది. 

నాకు మెలకువ వచ్చింది చప్పుడుకి కాదు. కలకీ కాదు, ఏ కలా రాలేదు. ఎడమ రొమ్ములో సలపరం వచ్చి మెలకువయింది.

పిల్లల తల్లులకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. పాలవేళకి రొమ్ములో సూదులు గుచ్చినట్టు అనిపించి, బిగిసి, పాలు వాటంతటవే దిగుతాయి. చేపుకు రావడం అంటాం. ఒకసారి అనుభవించిన ఆడదానికి అది ఇంకో నొప్పిలా అనిపించదు, పొరపాటు పడడానికి ఉండదు. నాకది రమ్య పాలు మానేశాక ముప్పై ఏళ్ళుగా లేదు. నెలసరి ఆగిపోయి పన్నెండేళ్ళు దాటింది. నా వయసు అరవై మూడు.

చూసుకుంటే జాకెట్టు తడిసి ఉంది. చెమట అనుకున్నాను. కానీ ఎడమ వైపు మాత్రమే తడి. కుడి వైపు పొడిగా ఉంది. ముట్టుకుంటే వేళ్ళకి జిగురుగా అంటుకుంది. వాసన చూశాను. పాలవాసన.

అప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఉన్నదున్నట్టు రాస్తాను. రమ్య పాప గుర్తుకు రాలేదు. రెండింటి డ్యూటీ గుర్తుకు రాలేదు. "అయ్యో, నా పిల్లకి పాలవేళ దాటిపోయింది" అనుకున్నాను. నా పిల్లకి. కుర్చీలోంచి లేచి ఆ పిల్ల కోసమే లోపలికి పరిగెత్తాను. నడిమి గది గుమ్మం దాటి, మంచం మీద రమ్యని చూశాక గానీ నేను ఎక్కడ ఉన్నానో నాకు తెలియలేదు.

గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. మా ఆయన దాన్ని ఎప్పుడూ పది నిమిషాలు ముందుకు పెడతారు, కాబట్టి నాలుగూ అయిదు.

పాపని ఎత్తాను. మెడ వేలాడిపోయింది. అరికాలు రుద్దాను, వీపు నిమిరాను, కొంగు తడిపి పాదాలకి తగిలించాను. కళ్ళు తెరవలేదు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నోట్లో వేలు పెడితే చీకడం లేదు. ఊపిరి మాత్రం ఉంది. గట్టిగా కుదిపితే చిన్న మూలుగులాంటిది వచ్చింది, అంతే. "రమ్యా, లెగు, బేగి లెగు" అని నేను అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు వచ్చేశారు. వాళ్ళబ్బాయి రోడ్డు మీద పోతున్న ఆటోని ఆపాడు.

ఆసుపత్రిలో నర్సు పాప మడమ దగ్గర సూదితో గుచ్చి రక్తం చూసింది. చూసిన వెంటనే డాక్టరు గారిని కేకేసింది. సుగర్ బాగా పడిపోయిందన్నారు. గ్లూకోజు ఎక్కించడానికి ఆ చిన్న చేతిలో నరం వెతుకుతూ డాక్టరు గారు అడిగారు, "చివరిసారి పాలెప్పుడు పట్టారు?"

"రెండింటికి అమ్మ పట్టిందండి" అంది రమ్య.

నేను నోరు విప్పాలి. విప్పకపోతే వైద్యం తప్పుతుంది. "లేదండీ, పట్టలేదు. ముందే టిక్ పెట్టేశాను. పదకొండూ నలభై తర్వాత పాపకి ఏమీ పడలేదు" అన్నాను. రమ్య నా వైపు తిరిగి చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. అందులో కోపం లేదు. అర్థం కావడం లేదన్నట్టు చూసింది. కోపం వచ్చుంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

డాక్టరు గారు నన్ను తిట్టలేదు. "ఇప్పుడైనా తెచ్చారు. ఇంకాస్త ఆలస్యమైతే నేనేమీ చెప్పలేకపోయేవాణ్ణి" అని మాత్రం అన్నారు. ఆయన పని చేసుకుపోయారు.

ఆ హడావిడిలోనే నర్సు నా చెవి దగ్గరికి వచ్చి, "అమ్మగారూ, మీ జాకెట్టు తడిసిపోయింది, పైట సరిసేసుకోండి. పాప మీ మీద కక్కేసిందేటి?" అంది. ఆ మాట నాకు చాలా ముఖ్యం. ఆ తడి నేను ఊహించుకున్నది కాదు. నన్నెరగని మనిషి, నేనేమీ చెప్పకుండానే చూసింది. పాప ఏమీ కక్కలేదు. కక్కడానికి దాని కడుపులో ఏముంది కనక.

రాత్రి తొమ్మిది దాటాక పాప ఏడ్చింది. సన్నగా, పిల్లికూనలా మొదలుపెట్టి తర్వాత గట్టిగా ఏడ్చింది. వరండాలో బెంచీ మీద కూర్చుని ఆ ఏడుపు వింటూ నేనూ ఏడ్చాను.

మా ఆయన అప్పటికి పాయకరావుపేట నుంచి సరాసరి ఆసుపత్రికి వచ్చేశారు. ఆయనకి అలారం సంగతి చెప్పాను, టిక్ సంగతి చెప్పాను. చివరికి గొంతు తగ్గించి జాకెట్టు సంగతి కూడా చెప్పాను. నవ్వుతారనుకున్నాను. కనీసం ఎండదెబ్బ అంటారనుకున్నాను. 

ఆయన, "ఎడం వేపేనా?" అని అడిగారు.

ఎటువైపో నేను చెప్పలేదు. జాకెట్టు తడిసింది అన్నానంతే. పైట నిండా కప్పుకుని ఉన్నాను.

"మీకెలా తెలుసు?" అన్నాను.

"అప్పుడు నేను సూడ్డానికొస్తే నువ్వే సెప్పావు కదే. కుడివేపు పట్టదండీ, ఎంత పెట్టినా ఎడంవేపే తాగుతాదండీ అని."

ముప్పై తొమ్మిదేళ్ళ తర్వాత ఆ పిల్ల గురించి మా ఇద్దరి మధ్య వచ్చిన మొదటి మాట అది. ఆ మాట నేను అప్పుడు ఆయనతో అన్నానని నాకు గుర్తులేదు. కానీ నిజం. ఆ పిల్ల ఉన్న తొమ్మిది రోజులూ ఎడమ వైపే తాగింది. రమ్య అలా కాదు, రెండు వైపులా తాగింది. ఆయన ఎర్రబడిన కళ్ళు తుడుచుకుంటూ లేచి వెళ్ళి మా ఇద్దరికీ టీ తెచ్చారు.

పాప రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ నాకు పాలు రాలేదు, ఒక్క బొట్టు కూడా.

నేను సైన్సు టీచర్ని. ఊరుకోలేదు. లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళి సిగ్గు విడిచి అంతా చెప్పాను. గ్యాసు మాత్రలేమైనా వాడుతున్నారా, కొన్నింటికి అలా అవుతుంది అన్నారు. నేను వాడేది బి.పి. మాత్ర ఒక్కటే, దానికి అలా కాదన్నారు. రక్తపరీక్షలు రాశారు, విశాఖపట్నంలో తలకి స్కానింగు తీయించారు, రొమ్ముకీ తీయించారు. అన్నీ నార్మల్. చివరికి ఆవిడ, "ఒక్కోసారి పసిపిల్ల ఏడుపు వింటే పెద్దవాళ్ళ ఒంట్లో కూడా ఏవో మార్పులు వస్తాయండి, టెన్షన్ కదా" అన్నారు.

ఆ మాట పట్టుకుని నేను చాలా రోజులు ఆలోచించాను. చిక్కంతా అక్కడే ఉంది. పాప ఏడవలేదు. ఏడ్చే ఓపిక దానికి లేదు. జానెడు దూరంలో పడుకున్న కన్నతల్లికే వినపడని ఏడుపు, రెండు గుమ్మాల అవతల కునుకు తీస్తున్న నాకు ఎలా వినపడుతుంది? కరెంటు వచ్చి ఫ్యాను తిరిగి మెలకువయిందేమో అనుకుంటే, కరెంటు వచ్చింది మేము ఆటో ఎక్కాకనే అని పక్కింటివాళ్ళు చెప్పారు. ఫోను నా గదిలో సైలెంట్‌లో ఉంది. పాలు చేపుకు రావలసిన పచ్చి బాలింత రమ్య. అది లేచేటప్పటికి దాని జాకెట్టు పొడిగా ఉంది. అరవై మూడేళ్ళ ముసలిదాని జాకెట్టు తడిసింది. ఏ వైపు నుంచి లెక్క వేసినా శేషం మిగిలిపోతోంది.

పనులన్నీ అయ్యాక మధ్యాహ్నం కుర్చీలో కూర్చోలేకపోయేదాన్ని. కూర్చుంటే లేచేదాన్ని, లేస్తే వెళ్ళి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. రమ్యే, "అమ్మా, కాసేపు కూర్చోవే, నిన్ను చూస్తే నాకు కాళ్ళు పీకుతున్నాయి" అనేది. నా మీద దానికి కోపం లేదని ఎన్నిసార్లు చెప్పినా నేను నమ్మలేదు.

ఇరవై ఒకటో రోజు బారసాల అయింది. వచ్చినవాళ్ళంతా వెళ్ళాక రమ్య పాపని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. పాప నిద్రపోతోంది. అప్పటికి బరువు పెరిగింది, లేపి పాలు పట్టనక్కర్లేదని డాక్టరు గారు ఆ ముందురోజే చెప్పారు. ఇక దాచడం నావల్ల కాలేదు. ఆ పిల్ల సంగతి, మా అమ్మ మాట, నా జాకెట్టు, వాళ్ళ నాన్న అడిగిన ప్రశ్న, అన్నీ చెప్పాను. మా ఆయన గుమ్మంలో నిలబడి విన్నారు.

రమ్య పాప తల కింద చెయ్యి సరిచేసుకుంది. తర్వాత, "అక్క పేరేటమ్మా?" అంది. చదువుకున్నప్పటి నుంచీ రమ్య నోట ఇంటి యాస రాదు. ఆ రోజు వచ్చింది. తోడబుట్టినదాన్ని అక్క అనడం కూడా అదే మొదటిసారి.

"పేరు పెట్టలేదమ్మా. బారసాల దాకా ఉండలేదు కదా."

"మరి ఏటని పిలిసేవారు?"

"బుద్ధిమంతురాలు అని" అన్నాను.

రమ్య పాప వైపు చూసింది. చుట్టిన గుడ్డ విప్పింది. అరికాలు మీద వేలితో గట్టిగా రుద్దింది. అవసరం లేకపోయినా లేపింది. పాప ఒళ్ళు విరుచుకుని, ముఖం కందగడ్డ చేసుకుని, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు అందుకుంది. నూకరత్నం వంటింట్లోంచి, "ఏటమ్మా, పడుకున్న పిల్లనెందుకు ఏడిపిత్తన్నారు?" అంటూ వచ్చింది. మేం ముగ్గురం కదల్లేదు. "కాసేపు ఏడవనీ" అన్నారు మా ఆయన.

ఆ జాకెట్టు నేను ఉతకలేదు. ఎండబెట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచాను. మరక ఇంకా ఉంది, ఎడమ వైపు, అరచేతంత మేర, గంజి పెట్టినట్టు బిరుసుగా. ల్యాబులో శాంపిల్‌కి అంటించినట్టు దానికి ఒక చీటీ అంటించాను. తేదీ రాశాను, సమయం నాలుగూ అయిదు అని రాశాను. కారణం అన్నచోట ఏమీ రాయలేదు. నాకు తెలియదు. తెలిసినట్టు ముందే టిక్ పెట్టడం మానేశాను.